అవ్వ పిడికెడు బియ్యం

ఎసట్లో బియ్యం పోసే ముందు మా అవ్వ ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న డాల్డా డబ్బాలో వేసేది. పొద్దున వండినా, మాపటికి వండినా అంతే. ఆ డబ్బా మూత ఎప్పుడో పోయింది. కొబ్బరి చిప్ప బోర్లించి ఉండేది. మా వైపు అప్పట్లో రోజూ వరన్నం ఎక్కడిది? జొన్నన్నం వండిన రోజు పిడికెడు జొన్నలు వేరే ముంతలో పడేవి. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్ళు గోతం పట్టుకుని పల్లె మొత్తం తిరిగి, ఇంటింటి డబ్బా అందులో ఒంపుకునేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి, అంటే మా చర్చి, ముందు వేపచెట్టు కింద వేలం పాట. సన్నబియ్యం, ముతక బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఉండేవి కాబట్టి పెద్ద ధర పలికేది కాదు. వచ్చిన డబ్బులో కొంత పాస్టరు అయ్యగారి జీతానికి, కొంత పల్లెలో జరుగుబాటు లేని వాళ్ళకి. ఎవరికిచ్చారో పైకి చెప్పేవాళ్ళు కాదు.

నాకు ఐదారేళ్ళప్పుడు ఆ డబ్బాలో నేనే వేస్తానని మారాం చేశాను. నా చేతిలో పట్టినన్ని గింజలు పట్టుకుని వెయ్యబోతే అవ్వ నా గుప్పిట విప్పి చూసింది. "ఇది నీ పిడికిలి. నీది నువ్వు వెయ్యి. నాది నేను వేస్తా" అంది. ఆ రోజు నుంచి మా ఇంటి లెక్క రెండు పిడికిళ్ళు అయింది. వానలు మొహం చాటేసిన ఒక ఏడాది మా అమ్మ ఉండబట్టలేక, "అత్తా, ఈ నెల మానేద్దామా? ఎవరూ ఏమీ అనుకోరులే" అంది. అవ్వ బదులు చెప్పలేదు. పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఆ రాత్రి అందరికీ వడ్డించాక, తన కంచంలో అన్నం కన్నా మజ్జిగ నీళ్ళు ఎక్కువ కనిపించాయి నాకు. నేను చూడటం ఆమె చూసింది. కంచం అటు తిప్పుకుంది.

అవ్వకి చదువు రాదు. కీర్తనలన్నీ నోటికి వచ్చు. గూట్లో బైబిలు ఉండేది, పాత చీర ముక్కలో చుట్టి. రాత్రి లాంతరు ముందు కూర్చోబెట్టి నాతో ఒక అధ్యాయం చదివించుకునేది. నేను గబగబా చదివేసి పరిగెత్తి ఆడుకుందామని చూసేదాన్ని. మధ్యలో ఎక్కడో చెయ్యి అడ్డం పెట్టేది.

"అంటే, ఏం చెయ్యమని?"

ఎప్పుడూ అదే ప్రశ్న. అర్థమేంటని అడిగేది కాదు. ఏం చెయ్యమని అడిగేది. ప్రార్థన చేసేటప్పుడు నీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకో అని ప్రభువు చెప్పిన చోటికి వచ్చినప్పుడు కూడా అడిగింది. "మనకి గది లేదుగా అవ్వా" అన్నాను. మాది ఒకటే ఇల్లు, ఒకటే తలుపు. ఆమె కాసేపు ఆలోచించి, "కొంగు ఉందిగా" అంది.

నిజంగానే తెల్లవారుజామున నాలుగింటికి ఆ కొంగు నెత్తి మీదికి లాక్కుని, గాదె పక్కన గోడకి తిరిగి కూర్చునేది. నోరు కదిలేది కానీ మాట బయటికి వచ్చేది కాదు. ఆమె ఒళ్ళో తల పెట్టి పడుకున్న రోజున మాత్రం వినిపించేది. అన్నీ పేర్లే. మా పేర్లు, పల్లెలో జబ్బు పడిన వాళ్ళ పేర్లు, ఊళ్ళో తను కలుపు తీసే చేను ఆసామి కోడలు నెల తప్పిందని ఆమె పేరు. వాళ్ళు గుడికి వచ్చేవాళ్ళు కాదు. ఆమె తమ కోసం ప్రార్థన చేస్తోందని వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టిన వాళ్ళకి క్లౌ దొర కథ ఉగ్గుపాలతో పట్టిందే. అవ్వకి వాళ్ళ తాత చెప్పాడు. తారీఖులు, అంకెలు నేను పెద్దయ్యాక చదువుకుని కలుపుకున్నాను. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికా మిషనరీ 1866లో ఒంగోలు వచ్చి ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు ఊరూరా కాలినడకన తిరిగి తమ వాళ్ళకి వాక్యం చెప్పారు. ఇంతలో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. మనుషులు రోడ్ల పక్కన రాలిపోతున్న రోజులు. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. మధ్యాహ్నం గడ్డపార పక్కన పెట్టి చెట్టు కింద కూర్చున్నప్పుడు బోధకులు వాక్యం చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్ళు.

క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం జరుగుతున్నంత కాలం, ఏడాది దాటిపోయినా, ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలి కదా. సాయం ఆగిపోయి, ఇక మన దగ్గర ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా జనం వెనక్కి పోలేదు. అప్పుడు, 1878 జులై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది కూడా క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి.

మా అవ్వ తాత ఆ రోజు నీళ్ళలో దిగిన వాళ్ళలో ఒకడు. మార్చుకోవడానికి ఇంకో గుడ్డ లేక తడిగుడ్డతోనే ఇంటికి నడిచి వచ్చాడట, దారిలోనే ఆరిపోయిందట. ఎవరైనా ఈ కథ చెప్తే 2,222 దగ్గర గొంతు పెంచుతారు. సభల్లో అక్కడ చప్పట్లు కూడా కొడతారు. అవ్వ మాత్రం ఆ అంకె దగ్గర ఆగేది కాదు. "అంత కాలం ఆగాడంట దొర. కడుపు కాలేవాడు వచ్చి కాళ్ళు పట్టుకుంటే కూడు పెట్టాడు గానీ బాప్తిస్మం ఇవ్వలేదంట" అని, ఆ ఆగడం గురించే చెప్పేది. ఆ కథలో అది ఎందుకంత పెద్ద సంగతో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

నేను కాలేజీకి టౌనుకి వెళ్ళాను. అక్కడ యూత్ మీటింగులు, ఉపవాస ప్రార్థనలు, రాత్రంతా జాగరణ కూటాలు. కొత్త పాటలు, గిటారు, డ్రమ్స్. నాకు ఆ వేడి నచ్చింది. ఏడ్చి ప్రార్థన చేసేదాన్ని, అది నటన కాదు. కానీ ఆ ఏడుపు అయ్యాక నేను ఇంకా కోపిష్టిదాన్ని అయ్యేదాన్ని, ఎందుకో. సెలవులకి ఇంటికి వస్తే మా గుడి చప్పగా కనిపించేది. ముసలివాళ్ళు సాగదీసి పాడే కీర్తనలు వింటే "వీళ్ళకి ఆత్మ లేదు" అనిపించేది. అవ్వ ముందే ఆ మాట అన్నాను ఒకసారి. ఆమె నొచ్చుకోలేదు. "అట్నా" అని ఊరుకుంది.

ఒక ఏడాది లెంట్ రోజుల్లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో, మా యూత్ అంతా కలిసి పల్లెలో నలభై రోజుల ప్రార్థనలు పెట్టించాం. గుడి పక్కన కొబ్బరిచెట్టుకి మైకు కట్టించింది నేనే. ఊరు వైపు తిప్పి కట్టమని చెప్పింది కూడా నేనే. రాత్రి పదకొండు, పదకొండున్నర. మూడో రోజో నాలుగో రోజో, రోడ్డు అవతల కమ్మరం చేసే ఆయన వచ్చాడు. వాళ్ళ అమ్మాయికి టెన్త్ పరీక్షలు. గుమ్మం బయటే నిలబడి, చేతులు కట్టుకుని, "అమ్మా, కొంచెం తగ్గిస్తే పిల్ల చదువుకుంటది" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. మేము లోపలికి వచ్చి ఇది శోధన అన్నాం. అపవాది, అంటే సైతాను, దేవుని పనిని ఆపాలని చూస్తున్నాడు అన్నాం. సౌండు పెంచాం.

పాట మధ్యలో అవ్వ చాప మీద నుంచి లేచింది. చెప్పులు వేసుకుని, నెమ్మదిగా రోడ్డు దాటి, ఆ కమ్మరి ఇంటి అరుగు మీద కూర్చుంది. మేము మైకు ఆపేదాకా అక్కడే ఉంది. మరుసటి రాత్రి అసలు గుడికే రాలేదు, నేరుగా ఆ అరుగు మీదికే వెళ్ళింది. మా వాళ్ళు ఎవరో వెళ్ళి పిలిస్తే, "ఇక్కడ కూర్చుంటే ఎట్టా వినపడతందో తెలుస్తంది" అందట. ఆ ముక్క నాకు వచ్చి చెప్పారు. మూడో రాత్రి అయ్యగారే మైకు విప్పించేశారు. నేను ఆయన మీద అలిగాను. ఆ అమ్మాయి పరీక్ష పాసైందో లేదో కనుక్కోలేదు. ఆ రోజుల్లో నేను చేసిన అన్నిటికన్నా, అది కూడా కనుక్కోకపోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది ఇప్పుడు.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది కదా. 1854 జనవరి 1న తెల్లవారకముందే క్లౌ కన్నా ముందు వచ్చిన బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి మోకాళ్ళూనారు. ఐదుగురు. వాళ్ళ తెలుగు మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో మాట్లాడుకుంటున్న రోజులవి. మా పల్లెలన్నీ ఆ ఐదుగురి ప్రార్థనకి జవాబని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. కింద ఊళ్ళో నిద్రపోతున్న ఒక్కరికి కూడా ఆ ప్రార్థన వినిపించి ఉండదు.

అవ్వ పోయింది. పిడికెడు బియ్యం కూడా ఆగిపోయింది. నేను ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అంటూ హైదరాబాద్ వచ్చేశాను. ఇక్కడ మేము వెళ్ళిన పెద్ద చర్చిలో ఏసీ, ఎల్ఈడీ స్క్రీను, నాలుగు కెమెరాలు, యూట్యూబ్ లైవ్. డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాదికని బైబిలు వాక్యం రాసిచ్చే వాగ్దాన కార్డుల కోసం తోపులాట. తమ కార్డులో "ఆశీర్వాదం" అన్న మాట లేదని ఇంకోటి తీసుకుని మార్చుకున్న వాళ్ళని చూశాను, నేనూ ఒకసారి మార్చుకున్నాను. సాక్ష్యాలు చెప్పమంటే వీసా వచ్చింది, ప్లాటు కొన్నాం, కారు వచ్చింది అన్నవే. పగబట్టిన అన్నతో మాట్లాడాను, తీసుకున్న లంచం తిరిగిచ్చాను అన్న సాక్ష్యం ఇరవై ఏళ్ళలో నేను విన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెళ్ళి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మొదటి ప్రశ్న రక్షణ పొందారా అని, రెండోది మాలా మాదిగా అని. రెండో ప్రశ్న చెవి దగ్గర అడుగుతారు. ఒకే రొట్టె విరిచి తిన్న వాళ్ళం. ఇది రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది. అందరూ ఇలాగే ఉన్నారని అనడం లేదు. కరోనా రోజుల్లో సొంతవాళ్ళు ముట్టుకోని శవాలని మోసి పూడ్చిన యువకులు మా సంఘాల్లో కూడా ఉన్నారు, వాళ్ళెవరూ మైకు ముందుకి రాలేదు.

అసలు చెప్పాల్సింది మా పిన్ని సంగతి.

పిన్నికి షుగరు. రోజుకి రెండు పూటలా ఇన్సులిన్. కొన్నేళ్ళ కిందట మా జిల్లాలో ఒక గ్రౌండులో మూడు రోజుల స్వస్థత సభలు పెట్టారు. రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. అప్పులు తీరాలా, రోగం పోవాలా, ఆగిన పెళ్ళి జరగాలా, రండి అని. పండక్కి వచ్చిన నేనే ఆమెని ఆటోలో తీసుకెళ్ళాను. మూడో రోజు రాత్రి ఆ ప్రసంగీకుడు, "షుగరు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఈ రాత్రితో మీకు సూదితో పని లేదు. నమ్మినవాళ్ళు ఆమెన్ అనండి" అన్నాడు. పిన్ని ఆమెన్ అంది. ఆమె పక్కన కూర్చుని నేను కూడా అన్నాను. డిగ్రీ చదివిన దాన్ని. ఆ లైట్లు, ఆ కీబోర్డు, వేలమంది ఒక్కసారి అరవడం, ఒళ్ళు జలదరించింది. అదే విశ్వాసం అనుకున్నాను. బయట కౌంటర్లో చిన్న సీసాలో ప్రార్థించిన నూనె అమ్ముతుంటే కొనిపెట్టింది కూడా నేనే.

పిన్ని సూది మానేసింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. ఫోన్లో "ఎలా ఉంది పిన్నీ" అంటే "దేవుని కృప అమ్మాయ్, బాగున్నా" అనేది. నీరసం అని చెప్తే అవిశ్వాసపు మాట నోట రాకూడదని వాళ్ళ ప్రార్థన గుంపులో చెప్పారట. కాలి బొటనవేలి కింద పుండు పడింది. నూనె రాసుకుంది. పుండు నల్లబడి, వాసన వచ్చి, మా తమ్ముడు చూసి ఆస్పత్రికి ఎత్తుకుపోయేసరికి మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యడం తప్ప దారి లేదన్నారు.

నేను వెళ్ళేసరికి వార్డులో పడుకుని ఉంది. దుప్పటి ఒకవైపు పాదం దాకా ఎత్తుగా ఉంది, ఇంకో వైపు మధ్యలోనే మంచానికి అతుక్కుపోయింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కాలు పోయిందని అనుకున్నాను. కాదు. "నాకు విశ్వాసం తక్కువైంది అమ్మాయ్. ఎక్కడో సందేహపడి ఉంటా" అంది. అంతకుముందు రోజు ఆ సభల తాలూకు వాళ్ళు ఇద్దరు వచ్చి చూసి ఆ మాట చెప్పి వెళ్ళారట. ఒక్క మాటతో లెక్క తేల్చేసి, పుండుని ఆమె కాలి మీద నుంచి తీసి ఆమె మనసు మీద పెట్టి వెళ్ళిపోయారు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా నేను ప్రార్థన చెయ్యలేదు. కానీ ఆ ఆమెన్ నాది కూడా. ఆ సీసా డబ్బులు నావి.

ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుంటే అవ్వ మాట ఒకటి గుర్తొచ్చింది. మా మేనత్త కాన్పు కష్టమైతే ఎడ్లబండి మీద, ఆపైన బస్సులో, గుంటూరు కుగ్లర్ ఆస్పత్రికి తీసుకెళ్ళారట. డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చిన అమెరికా మిషనరీ. ఆడవాళ్ళని మగ డాక్టరు ముట్టుకోకూడదని ప్రాణాలు పోగొట్టుకునే రోజుల్లో మందుల పెట్టెతో వచ్చిన మనిషి. ఆమె కట్టిన ఆస్పత్రికే అంత దూరం పోయారు మా వాళ్ళు. "నర్సమ్మ ముందు ప్రార్థన చేసింది, ఆనక చేతులు కడుక్కుంది" అని అవ్వ ఎప్పుడూ ఒకే వరసలో చెప్పేది. ప్రార్థన, చేతులు కడుక్కోవడం. రెండింటి మధ్య ఆమెకి ఏ గొడవా కనిపించలేదు. మా పల్లెలకి సువార్త వచ్చిందే బడితోనూ ఆస్పత్రితోనూ కలిసి. అలాంటిది మందు మానెయ్యడమే విశ్వాసం అనే దాకా మేము ఎలా వచ్చామో నాకు తెలియదు. రోజుకో అడుగు వేసుకుంటూ వచ్చి ఉంటాం. ఆ నలభై రోజుల ప్రార్థనలకి కట్టిన మైకు కూడా అందులో ఒక అడుగే.

ఆ గ్రౌండులో ఆ మూడు రాత్రులూ జరిగింది ఒకటే. బాధలో ఉన్నవాళ్ళని, వాళ్ళ బాధని చూపించే పిలిచారు. అవ్వ ఆ ఆగడం గురించే ఎందుకు చెప్పేదో నాకు అప్పుడు తెలిసింది. దొర కూడు ముందు పెట్టాడు, బాప్తిస్మం తర్వాత, అదీ కూడుతో ముడిపెట్టకుండా. మేము కూడు చూపించి రమ్మంటున్నాం, అదీ పెట్టడం లేదు.

పిన్ని ఇప్పుడు పెట్టుడు కాలుతో నడుస్తుంది. మళ్ళీ మా పాత గుడికే వెళ్తోంది. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆమెకని ఉంచుతారు. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రవాడు, జీతం అంతంతమాత్రం. వారానికి ఒకసారి సైకిల్ మీద వచ్చి ఆమె షుగరు చూసుకునే మిషన్లో నంబరు ఎంత వచ్చిందో అడిగి రాసుకుని వెళ్తాడట. దాని గురించి ప్రసంగంలో ఎప్పుడూ చెప్పడట.

మొన్న ఈస్టర్‌కి వెళ్ళాను. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన అయ్యాక, అవ్వ సమాధికి సున్నం వేసి ఇంటికి వచ్చాం. పిన్నికి సూది వేళ అయింది. ఫ్రిజ్ తలుపు తీస్తే ఇన్సులిన్ పక్కనే ఆ నూనె సీసా ఉంది. సగం పైగా ఉంది ఇంకా.

"ఇది ఇంకా ఉంచావా పిన్నీ?"

"ప్రార్థన చేసిన నూనె కదా అమ్మాయ్. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు."

ఏమీ అనలేకపోయాను. మందు సిరంజిలోకి లాగి, గాలి బుడగ పోయేదాకా వేలితో తట్టి, ఆమె ముందు కింద కూర్చున్నాను. పొట్ట మీద చీర పక్కకి జరుపుకుంటూ, "ప్రార్థన చేసి పొడువు" అంది. పెద్దగా చెయ్యడం నాకు అలవాటు. ఆ రోజు నోరు రాలేదు. చున్నీ తల మీదికి లాక్కుని, పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టాను. ముందు పిన్ని పేరు. తర్వాత ఆ కుర్ర అయ్యగారి పేరు. ఆ కమ్మరి అమ్మాయి పేరు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

"అయిందా?" అంది పిన్ని.

"ఒక్క నిమిషం" అన్నాను. "పిన్నీ, రోడ్డు అవతల కమ్మరాయన వాళ్ళ అమ్మాయి ఉండేది చూడు, ఆ పిల్ల పేరేంటి?"